డిస్‌ప్లే ట్యాంకులో క్లౌన్ ఫిష్ గుడ్లు: పొదిగిన పిల్లలు 5వ రోజు దాటట్లేదు

ట్యాంక్‌వెనక
పబ్లిక్ అక్వేరియంలో మెరైన్ సెక్షన్ నా పని. 3,000 లీటర్ల డిస్‌ప్లేలో ఒక ఓసెల్లారిస్ క్లౌన్ ఫిష్ జత రెండు వారాలకోసారి రాయి మీద గుడ్లు పెడుతోంది. పొదిగిన రాత్రి టార్చి వెలుగు దగ్గరికి చేరిన పిల్లల్ని మగ్గుతో ముంచి వెనక గదిలో 60 లీటర్ల గాజు ట్యాంకులోకి మారుస్తున్నాం. మర్నాడు 200 దాకా చక్కగా ఈదుతుంటాయి. 3వ రోజు నుంచి అడుగున తెల్లగా పడటం మొదలు. 5వ రోజుకి ఒక్కటీ ఉండదు. ప్రతి బ్యాచ్ ఇదే వరస.
నీళ్లు: సెలినిటీ (ఉప్పదనం, పీపీటీలో అంటే వెయ్యికి ఇన్ని భాగాలు) 34, 27 డిగ్రీలు, పీహెచ్ 8.1. మేత రోటిఫర్లు (చుక్కల్లా కనిపించే సూక్ష్మ నీటి జీవులు), పొద్దున సాయంత్రం. పైన ట్యూబ్ లైట్. ఎక్కడ తేడా కొడుతోంది?

రోటిఫర్‌బకెట్
అసలు కావలసిన మూడు అంకెలు చెప్పలేదు. పిల్లల ట్యాంకులో ఎంఎల్‌కి రోటిఫర్లు ఎన్ని? రోటిఫర్లని పెంచే కల్చర్ బకెట్ సెలినిటీ ఎంత? అమ్మోనియా ఎంత? "పొద్దున సాయంత్రం" అనేది కొలత కిందకి రాదు.
క్లౌన్ పిల్ల పొదిగేటప్పటికే కళ్లు, నోరు తయారుగా ఉంటాయి, మిగిలే సొన చాలా తక్కువ. తెల్లారి వెలుగు పడగానే తినాలి. దొరక్కపోతే సరిగ్గా 3 నుంచి 5 రోజుల మధ్య పోతాయి. మీ లెక్క చూస్తే నాకు ఆకలి చావులే అనిపిస్తున్నాయి.

నీటిపరీక్ష
ఆకలి ఒక్కటే అనుకోను. 60 లీటర్లు, ఫిల్టర్ ఉన్నట్టు చెప్పలేదు, చచ్చిన రోటిఫర్లు, చచ్చిన పిల్లలు అడుగున. 3వ రోజుకి అమ్మోనియా లేవకపోతేనే ఆశ్చర్యం. పీహెచ్ 8.1–8.2, 27 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో దాదాపు 8 శాతం విషంగా పనిచేసే రూపంలో ఉంటుంది. పెద్ద చేప ఓర్చుకునేది 4 మిల్లీమీటర్ల పిల్ల ఓర్చుకోదు. ముందు టెస్ట్ కిట్ తియ్యండి, తర్వాత మేత సంగతి.

పగడపుదిబ్బ
గాజు ట్యాంకుకి నాలుగు పక్కలా బయటి నుంచి నల్ల కాగితం అంటించారా? లేకపోతే పక్క గోడల మీద పడే వెలుగు వైపే పోయి ముక్కు గుద్దుకుంటూ ఉంటాయి. అక్కడ మేత ఉండదు. ట్యూబ్ లైట్ నేరుగా పైన వద్దు. నీటి పైభాగం దగ్గర 500 నుంచి 1,000 లక్స్ చాలు.

ట్యాంక్‌వెనక
కొలిచి చెప్తున్నాను. రోటిఫర్లు: పొద్దున వేసిన వెంటనే ఎంఎల్‌కి 4, మధ్యాహ్నానికి 1 కూడా కష్టం. కల్చర్ సెలినిటీ 18. 3వ రోజు మొత్తం అమ్మోనియా 1.2 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు). పక్కలకి నలుపు లేదు, మామూలు గాజే.

రోటిఫర్‌బకెట్
ఇప్పుడు బొమ్మ కనిపిస్తోంది. 18 సెలినిటీలో పెరిగిన రోటిఫర్‌ని ఒక్కసారిగా 34లో వేస్తే ఈత మానేసి ముడుచుకుని అడుక్కి పడిపోతుంది. ఒక దెబ్బకి 5 పీపీటీ మించి తేడా ఉండకూడదు. పిల్ల తినేది కదులుతున్న మేతనే. అడుగున పడింది దానికి లేనట్టే. పడిందంతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. నీటిపరీక్ష గారు చెప్పిందీ నేను చెప్పిందీ ఒకే చోట నుంచి పుడుతున్నాయి.

చేయాల్సింది:
కల్చర్‌ని 25 దగ్గర నడపండి. రేపటి మేతకి కావలసినంత విడిగా ఇంకో బకెట్లోకి తీసి, కొన్ని గంటల వ్యవధిలో రెండు విడతలుగా 34కి తీసుకురండి. ఒక బొట్టు గాజు పలక మీద పెట్టి చూస్తే అన్నీ చురుగ్గా తిరుగుతూ ఉండాలి.
కావలసిన లెక్క: 60 లీటర్లు, ఎంఎల్‌కి 10 చొప్పున 6 లక్షల రోటిఫర్లు. కల్చర్‌లో ఎంఎల్‌కి 200 ఉంటే 3 లీటర్ల కల్చర్ వడకట్టాలి. రోజుకి నాలుగైదు సార్లు లెక్కపెట్టి, 10 నుంచి 15 మధ్య నిలిచేలా పోయాలి.
కల్చర్ నీళ్లు మాత్రం ట్యాంకులోకి పోకూడదు. 53 మైక్రాన్ జాలీలో వడకట్టి, శుభ్రమైన సముద్రపు నీళ్లతో కడిగి అప్పుడు వెయ్యండి. బకెట్లో అమ్మోనియా 5 పీపీఎం పైనే ఉండొచ్చు. అదంతా మీ పిల్లల మీద పోసినట్టే.

మైక్రాన్‌మెష్
లెక్కపెట్టడం ఇలా: 1 ఎంఎల్ పిపెట్‌లో తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తెల్లటి చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. పిల్లల ట్యాంకుకి అది చాలు. కల్చర్ చిక్కగా ఉంటుంది కాబట్టి పది రెట్లు పలచన చేసి, ఒక చుక్క లూగాల్ అయోడిన్ వేసి ఆపేశాక మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టండి. అప్పుడే ఇంకో సంగతి చూడండి: తోక దగ్గర గుడ్డు మోస్తున్నవి ఎన్ని? వందలో 30 పైన ఉంటే కల్చర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. 10 లోపు పడిపోతే ఇంకో ఒకటి రెండు రోజుల్లో కల్చర్ కూలిపోతుంది, వెంటనే కొత్త బకెట్ మొదలుపెట్టండి.

ఉప్పాడఅల
రెండో బకెట్ ఎప్పుడూ ఉండాలి. వీలైతే వేరే గదిలో. ఒక్క బకెట్‌ని నమ్ముకుంటే అది కూలిన రోజే గుడ్లు పొదుగుతాయి, ఇది ప్రకృతి నియమం 😀

ట్యాంక్‌వెనక
కల్చర్‌కి మేతగా ఈస్ట్ వేస్తున్నాం. అది సరిపోతుందా?

రోటిఫర్‌బకెట్
సంఖ్య పెరుగుతుంది, పోషకం ఉండదు. ఈస్ట్ మీద పెరిగిన రోటిఫర్‌లో డీహెచ్ఏ, ఈపీఏ (పిల్లలకి కావలసిన ఒమేగా-3 కొవ్వులు) దాదాపు ఉండవు. నానోక్లోరాప్సిస్ (సూక్ష్మమైన ఆల్గే, అంటే నాచు) మీద నడపండి, లైవ్ అయినా పేస్ట్ అయినా. అందులో ఈపీఏ బాగుంటుంది, డీహెచ్ఏ తక్కువ. అందుకే వడకట్టే ముందు కొన్ని గంటలు పోషకం పట్టించే డీహెచ్ఏ ఉన్న ఎన్‌రిచ్‌మెంట్‌లో ఉంచుతారు, లేదా ఐసోక్రైసిస్ అనే ఇంకో ఆల్గే కలుపుతారు.
రోజూ 25 శాతం కల్చర్ తీసేసి ఆ మేరకు కొత్త నీళ్లు పొయ్యండి. అడుగున పేరుకున్నది వారానికోసారి మొత్తం శుభ్రం. తేలే చెత్త పట్టడానికి పీచులాంటి ఫిల్టర్ ముక్క ఒకటి బకెట్లో వేలాడదీసి రోజూ కడగండి. అది లేకపోతే సీలియేట్లు అనే ఏకకణ జీవులు దూరతాయి.

పగడపుదిబ్బ
పేస్ట్ కంటే లైవ్ ఆల్గేనే మేలని నా పట్టుదల. పిల్లల ట్యాంకులో బతికున్న నానోక్లోరాప్సిస్ ఉంటే అమ్మోనియా కొంత తాగేస్తుంది, రోటిఫర్లకి మేత అవుతుంది, వెలుతురుని సమంగా పరుస్తుంది. పేస్ట్ పోస్తే ఎక్కువైన కొద్దీ అడుగున దిగి కుళ్లుతుంది.

మైక్రాన్‌మెష్
పగడపుదిబ్బ, అది ఆల్గే గది, ఆ పని చూసే మనిషి ఉన్న చోట. పబ్లిక్ అక్వేరియంలో వెనక గది అంటే నాలుగడుగుల జాగా. పేస్ట్‌తోనే వేల పిల్లల్ని తీస్తున్నారు. కొంచెం కొంచెంగా, రోజుకి నాలుగు సార్లు, పైనుంచి చూస్తే అడుగు లీలగా కనిపించేంత పచ్చదనం వరకే. అంతకు మించి పోస్తేనే మీరు చెప్పే కుళ్లు.

భీమిలి_హ్యాచరీ
మాది రొయ్యల సీడ్ లైను, చేపలది కాదు. కానీ నీళ్లు తయారు చేసే పద్ధతి ఒకటే. డిస్‌ప్లే నీళ్లనే పిల్లల ట్యాంకుకి వాడుతున్నారా, వేరేగా సముద్రపు నీళ్లా? వేరేదయితే: 10 నుంచి 20 పీపీఎం క్లోరిన్ వేసి 24 గంటలు గట్టిగా గాలి పెట్టండి. మిగిలింది సోడియం థయోసల్ఫేట్‌తో తీసెయ్యండి. క్లోరిన్ టెస్ట్‌లో రంగు అసలు రాకూడదు. లీలగా వచ్చినా ఆ నీళ్లు వాడొద్దు. తర్వాత 1 మైక్రాన్ బ్యాగ్‌లో వడకట్టడం.

ట్యాంక్‌వెనక
డిస్‌ప్లే నీళ్లే.

భీమిలి_హ్యాచరీ
అయితే మంచిదే, ఉష్ణోగ్రత సెలినిటీ తేడా ఉండదు. 50 మైక్రాన్ బ్యాగ్‌లో వడకట్టి పొయ్యండి. లేకపోతే డిస్‌ప్లేలో ఉన్న హైడ్రాయిడ్లు (అతుక్కుని కుట్టే చిన్న జీవులు), చిన్న పురుగులు పిల్లల ట్యాంకులో కాపురం పెడతాయి. హైడ్రాయిడ్ గోడకి అతుక్కుందంటే రోటిఫర్లనీ పిల్లల్నీ కూడా పట్టి తింటుంది.

సొరపిల్ల
పొదిగిన పిల్లల్ని మగ్గుతో ముంచడం కంటే, పొదిగే ముందే గుడ్ల రాయిని తీసి మార్చడం మేలు కదా?

పగడపుదిబ్బ
నేనూ అదే అంటాను. డిస్‌ప్లేలో ఓవర్‌ఫ్లో, పంపులు, మిగతా చేపలు. మగ్గుకి చిక్కేది ఎన్నో వంతు? ఒక్కో విడతలో కొన్ని వందల గుడ్లుంటాయి, పాత జత అయితే ఇంకా ఎక్కువ. వీళ్లకి దక్కుతున్నది 200.
రాయి కదలదు కాబట్టి, గుడ్లు పెట్టే చోటికి ఆనించి 15 సెంటీమీటర్ల సిరామిక్ పలక, గరుకు వైపు బయటికి ఉండేలా పెట్టండి. పాలిష్ లేని మట్టి పూలకుండీ పక్కకి పడుకోబెట్టినా సరే. ఒకటి రెండు విడతల్లో అలవాటు పడతాయి. అనిమోన్ దగ్గరగా ఉంటే తొందరగా ఒప్పుకుంటాయి, లేకపోయినా పెడతాయి.

రోటిఫర్‌బకెట్
పలక మార్చడంలో ప్రమాదం లేదనుకోవద్దు. గుడ్ల మీద మగ చేప రెక్కలతో విసురుతూ ఉంటుంది, పాడైనవి నోటితో ఏరేస్తుంది. ఆ పని గాలి రాయి (పంపు గాలిని బుడగలుగా వదిలేది) చెయ్యాలి. బుడగలు గుడ్లకి నేరుగా తగలకుండా, కాని గుడ్లు అటూ ఇటూ ఊగేంత దగ్గరగా పెట్టాలి. గాలి తక్కువైతే మధ్యలో గుడ్లు తెల్లబడి బూజు పక్కవాటికి పాకుతుంది. అందుకే ముందుగా తీసెయ్యకుండా, పొదిగే రోజు సాయంత్రమే మార్చాలి.
ఆ రోజుని కనిపెట్టేది కళ్లతోనే. పెట్టిన రోజు గుడ్లు నారింజ రంగు. 3, 4 రోజులకి గోధుమ రంగుకి తిరుగుతాయి, కళ్లు నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. టార్చి పక్కగా వేసినప్పుడు ఆ కళ్లు వెండిలా మెరిసి, గుడ్డు దాదాపు పారదర్శకం అయితే ఆ రాత్రికో మర్నాటి రాత్రికో పొదుగుతాయి. 27–28 డిగ్రీల్లో సుమారు 7, 8 రోజులు. చల్లగా ఉంటే ఇంకో రోజు రెండు రోజులు.
పలకని నీళ్లలోనే డబ్బాలోకి తీసుకుని, నీళ్లతో సహా మార్చండి. పొదిగే ముందు పిల్లల ట్యాంకులో బూజు రాకుండా మెథిలీన్ బ్లూ లేత నీలం వచ్చేంత వేసేవారున్నారు. వేస్తే రోటిఫర్లు పోసే ముందు నీళ్లు మార్చాల్సిందే.

ట్యాంక్‌వెనక
ఒక్కోసారి వెండి కళ్లు వచ్చాక కూడా రెండు రాత్రులు పొదగట్లేదు. తర్వాత చచ్చిపోతున్నాయి.

పగడపుదిబ్బ
రాత్రి హాల్లో ఏ లైట్లు వెలుగుతుంటాయి?

ట్యాంక్‌వెనక
ఎమర్జెన్సీ లైట్లు, ఎగ్జిట్ బోర్డు. శని ఆదివారాల్లో రాత్రి 9 దాకా సందర్శకులు.

పగడపుదిబ్బ
అదే. పూర్తి చీకటి పడిన గంట రెండు గంటల్లో పొదుగుతాయి. ఎగ్జిట్ బోర్డు పచ్చ వెలుగు నేరుగా పడితే ఆగిపోతాయి. ఎగ్జిట్ లైటు ఆర్పకూడదు, అది భద్రత విషయం. దాన్ని ముట్టుకోకుండా, డిస్‌ప్లే గాజుకి ముందు నల్ల గుడ్డ వేలాడదీయండి, లేదా పలక మార్చిన ట్యాంకుని పూర్తిగా కప్పెయ్యండి. పొదిగిందో లేదో చూడాలంటే ఎర్ర టార్చి వాడండి, తెల్లది వద్దు. పిల్లలు డిస్‌ప్లేలోనే పొదిగే రోజయితే రిటర్న్ పంపు, స్కిమ్మర్ (నురగతో మురికి లాగే పరికరం) ఆపేసి గాలి మాత్రం ఉంచండి.

నీటిపరీక్ష
పొదిగాక గాలి తగ్గించడం మరిచిపోకండి. గుడ్లకి పెట్టినంత గాలి పిల్లలకి పెడితే అలసిపోయి చస్తాయి. వాల్వ్ తిప్పి, లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా బుడగలు. పలక బయటికి తియ్యండి, పొదగని గుడ్లు దాని మీదే కుళ్లుతాయి.
రోజూ పొద్దున: 5 మిల్లీమీటర్ల గొట్టంతో అడుగు సైఫన్, తెల్ల టబ్‌లోకి. బతికున్న పిల్ల వచ్చేస్తే తెల్ల అడుగు మీద కనిపిస్తుంది, చెంచాతో నీళ్లతో సహా తిరిగి వేసెయ్యొచ్చు. తీసినంత నీరు చుక్కలుగా పోయాలి, 10–15 శాతం. మొత్తం అమ్మోనియా 0.3 దాటకూడదు. స్పాంజి ఫిల్టర్‌ని నెల ముందే డిస్‌ప్లే సంప్‌లో (కింది ఫిల్టర్ తొట్టిలో) పడేసి ఉంచితే బాక్టీరియా పట్టి సిద్ధంగా ఉంటుంది. మొదటి వారం దాన్ని చాలా నెమ్మదిగా నడపాలి, రోటిఫర్లని లాగేస్తుంది.

ఉప్పాడఅల
నీళ్లు మార్చడం మీద నాకు వేరే అభిప్రాయం. 40 లీటర్లతో మొదలుపెట్టి, మొదటి 4 రోజులు తియ్యకుండా రోజూ 5 లీటర్లు కలుపుతూ పోతే 60కి చేరుతుంది. పిల్లల్ని కదిలించే పనే లేదు. ఆ తర్వాత సైఫన్.

నీటిపరీక్ష
చచ్చినవి తక్కువగా ఉంటే మీ పద్ధతి బాగానే నడుస్తుంది. 3వ రోజు 1.2 చూసిన చోట కలపడం చాలదు, తీసెయ్యాలి.

ఉప్పాడఅల
సరే, ఒప్పుకుంటా.

భీమిలి_హ్యాచరీ
ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) మేత ఎప్పుడు మొదలుపెడతారు? మా దగ్గర అది రోజువారీ పని, దాని సంగతి నేను చెప్పగలను.

రోటిఫర్‌బకెట్
6, 7 రోజుల నుంచి, చాలా తక్కువగా. రోటిఫర్లు ఇంకో 3, 4 రోజులు ఆపకూడదు. ఒకే వయసులో చిన్నా పెద్దా తేడా ఉంటుంది, చిన్నవాటి నోటికి ఆర్టీమియా పట్టదు. తినగలిగిన పిల్ల పొట్ట నారింజ రంగులో కనిపిస్తుంది. అది చూసి పెంచుకుంటూ పోవాలి.

భీమిలి_హ్యాచరీ
అయితే ఆర్టీమియా ఇలా. 28–30 డిగ్రీలు, 25–30 సెలినిటీ, పీహెచ్ 8 పైన, లీటరుకి 2 గ్రాముల సిస్ట్ (ఎండు గుడ్లు), మంచి వెలుతురు, గట్టిగా గాలి, 24 గంటలు. గాలి ఆపి పది నిమిషాలు కోను ఆకారపు పాత్ర అడుగున లైటు పెడితే పెంకులు పైకి, పొదగని సిస్టులు అట్టడుగుకి, నాప్లీలు (అప్పుడే పుట్టిన పిల్లలు) ఆ పైన. మొదట కొంచెం వదిలేసి తర్వాతదే పట్టండి. పెంకు పిల్ల పేగులో అడ్డం పడితే అంతే సంగతులు. పబ్లిక్ అక్వేరియంలాంటి చిన్న అవసరానికి డీక్యాప్సులేట్ చెయ్యడమే (పెంకు కరిగించడమే) నయం: మంచినీళ్లలో గంట నానబెట్టి, చల్లటి బ్లీచింగ్ ద్రావణంలో కలుపుతూ ఉంటే గోధుమ నుంచి బూడిద, తర్వాత నారింజకి వస్తుంది. నారింజ రాగానే వడకట్టి, వాసన పోయేదాకా కడిగి, థయోసల్ఫేట్‌లో ముంచాలి. వేడెక్కితే లోపలి పిండం చస్తుంది, ఐస్ దగ్గర పెట్టుకోండి.

మైక్రాన్‌మెష్
ఒకటి కలపాలి. అప్పుడే పొదిగిన నాప్లీకి నోరు తెరుచుకోదు, ఎన్‌రిచ్ చేస్తే లోపలికి పోదు. 8 గంటల తర్వాత రెండో దశకి వచ్చాకే తింటుంది. అప్పుడు 12 గంటలు డీహెచ్ఏ ఎమల్షన్‌లో ఉంచి కడిగి వెయ్యండి. డీహెచ్ఏ లేని మేతతో పెరిగిన పిల్లలు 8, 9 రోజుల దాకా బాగానే ఉన్నట్టుంటాయి. లైటు ఒక్కసారి వేసినా ట్యాంకు తగిలినా గిరగిరా తిరిగి పడిపోతాయి. దాన్ని వ్యాధి అనుకుని మందులు వేసేవాళ్లున్నారు. మేత లోపం అది. లైటు కూడా నెమ్మదిగా పెరిగేలా పెట్టండి.

కోపెపాడ్‌పిచ్చి
క్లౌన్ దాకా సరే. ఇదే డిస్‌ప్లేలో సాయంత్రం లైట్లు తగ్గే వేళకి పైకి లేచి గుడ్లు వదిలే చేపలు ఉండి ఉంటాయి. ఆ గుడ్లన్నీ స్కిమ్మర్‌లోకే పోతున్నాయి. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

ట్యాంక్‌వెనక
పక్క ట్యాంకు 80,000 లీటర్లు, పోంపానోలు, గ్రంట్లు ఉన్నాయి. పొద్దున్నే నీటి మీద నురగలాంటిది కనిపిస్తుంది. గుడ్లేనా?

కోపెపాడ్‌పిచ్చి
ఒక గాజు గ్లాసులో ముంచి చూడండి. 0.7 నుంచి 1 మిల్లీమీటరు గుండ్రటి పారదర్శక గోళాలు, లోపల ఒక నూనె బొట్టు ఉంటే గుడ్లే.
పట్టే పద్ధతి: ఓవర్‌ఫ్లో నీళ్లని సంప్‌లోకి పోయే ముందు ఒక డబ్బాలోకి మళ్లించండి. డబ్బాలో 300–400 మైక్రాన్ జాలీ సంచి, ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి. నీటి ధార నేరుగా జాలీ మీద పడితే గుడ్లు చితుకుతాయి. సాయంత్రం పెట్టి తెల్లవారి తీసెయ్యాలి. గుడ్లని పొడవాటి గాజు జాడీలో పోసి 5 నిమిషాలు కదపకుండా ఉంచితే మంచివి తేలతాయి, పాడైనవి దిగుతాయి. దిగినవి తీసేసి, తేలినవి శుభ్రమైన నీళ్లతో కడిగి, లీటరుకి 20–30 చొప్పున వెయ్యండి. 27–28 డిగ్రీల్లో ఒక రోజు అటూఇటూగా పొదుగుతాయి.
క్లౌన్‌కీ వీటికీ తేడా ఇక్కడే. ఇవి పొదిగేటప్పుడు కళ్లకి రంగు లేదు, నోరు లేదు. 2, 3 రోజులు సొన మీద బతికి, అప్పుడు నోరు తెరుస్తాయి. ఆ నోటికి పెద్ద రకం రోటిఫర్ పట్టదు. చాలా జాతులకి పార్వోకలానస్ అనే కోపెపాడ్ (రొయ్యల కోవకి చెందిన సూక్ష్మ జీవి) నాప్లీలే గతి.

పగడపుదిబ్బ
2015లో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ యెల్లో ట్యాంగ్‌ని, 2016లో యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా వాళ్లు బ్లూ ట్యాంగ్‌ని గుడ్డు నుంచి పెంచగలిగారంటే ఈ కోపెపాడ్ మేత చలవే ఎక్కువ. ఫ్లోరిడా వాళ్లతో కలిసి పనిచేసిన రైజింగ్ టైడ్ సంస్థ పబ్లిక్ అక్వేరియం డిస్‌ప్లేల్లో దొరికే గుడ్లనే పరిశోధనకి వాడుతుంది. మన దగ్గర విశాఖ సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం గ్రూపర్, ఇండియన్ పోంపానో సీడ్ తీసింది. మీ ట్యాంకులో పోంపానోలే ఉన్నాయి కాబట్టి వాళ్ల సలహా అడగడం దండగ కాదు.

మైక్రాన్‌మెష్
పోంపానో, పండుగప్ప లాంటివాటికి ఇంకో జాగ్రత్త. మొదటి రోజుల్లో పైకొచ్చి ఒక గుటక గాలి మింగితేనే ఈత సంచి ఉబ్బుతుంది. నీటి మీద ఎన్‌రిచ్‌మెంట్ నూనె పొర కడితే ఆ గాలి అందదు. పిల్లలు వెన్ను వంకరతో, తల కిందులుగా ఈదుతాయి. నీటి మట్టానికి నూనె పొరని లాగేసే చిన్న పెట్టె పెట్టండి, లేదా రోజుకి రెండు సార్లు టిష్యూ కాగితం పరిచి పొర తీసెయ్యండి.

ట్యాంక్‌వెనక
కోపెపాడ్‌కి పేస్ట్ పనికొస్తుందా?

కోపెపాడ్‌పిచ్చి
పార్వోకలానస్‌కి లైవ్ ఐసోక్రైసిస్ ఉండాల్సిందే. రోటిఫర్‌లాగా ఎంఎల్‌కి వందల్లో కిక్కిరిసి పెరగదు కూడా. పెద్దవాటిని 75 మైక్రాన్ మీద ఆపి, కిందికి జారిన నాప్లీలని 38 మైక్రాన్ మీద పట్టుకోవాలి. ఆల్గే కుదిరాకే దీని జోలికి వెళ్లండి. ముందు క్లౌన్ పిల్లల్ని నిలబెట్టండి, ఆ గుడ్లు ఎక్కడికీ పోవు, రోజూ పెడుతూనే ఉంటాయి.

సొరపిల్ల
చాలా చోట్ల వెనక గదిలో రోటిఫర్ బకెట్ పెట్టే జాగా కూడా ఉండదు. అలాంటివాళ్లకి బాంబూ సొర గుడ్లు తేలిక. గుడ్డు సంచిని బుట్టలో వేసి నీళ్లు మెల్లగా పారేలా వేలాడదీస్తే చాలు. వెనక నుంచి టార్చి పెడితే పిండం కదలడం కనిపిస్తుంది, చూడటానికొచ్చిన పిల్లలు గాజుకి అతుక్కుపోయి చూస్తారు. జాతిని, ఉష్ణోగ్రతని బట్టి 3 నుంచి 5 నెలలు. మధ్యలో సంచి అంచున చీలికలు తెరుచుకుని సముద్రపు నీరు లోపలికి పోతుంది. ఆ దశలో నీళ్లలోంచి బయటికి తియ్యకండి, లోపల గాలి చిక్కుకుంటుంది. పొదిగాక సొన అయిపోయేదాకా మేత ముట్టదు, కంగారు పడి కుక్కొద్దు. తర్వాత సన్నగా తరిగిన రొయ్య, స్క్విడ్.

ఉప్పాడఅల
సీహార్స్ గురించి ఎవరైనా అడిగే ముందే చెప్పేస్తున్నా: వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి. అనుమతి కాగితాలు లేకుండా చెయ్యి పెట్టొద్దు.

ట్యాంక్‌వెనక
మార్పులు మొదలుపెట్టాం. కల్చర్ 25కి తెచ్చి, రెండు విడతల్లో 34కి పెంచి వేశాక రోటిఫర్లు మధ్యాహ్నానికి కూడా నీళ్లంతా తిరుగుతున్నాయి. ఎంఎల్‌కి 11. నల్ల కాగితం అంటించాం. 4వ రోజు అమ్మోనియా 0.25. అడుగున పడ్డవి ఉన్నాయి కానీ వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పొట్టలు నిండుగా కనిపిస్తున్నాయి. చారలు ఎప్పుడు వస్తాయి?

రోటిఫర్‌బకెట్
9, 10 రోజులకి తల వెనక మొదటి తెల్ల చార లీలగా వస్తుంది, ఆ తర్వాత నడుము దగ్గరిది. ఆ మార్పు వచ్చే రెండు మూడు రోజుల్లో మళ్లీ కొన్ని పోతాయి, నీళ్ల మధ్య ఈదడం మాని గోడలు, అడుగు పట్టుకుంటాయి. మేత అందేది కూడా అక్కడే. అడుగు అప్పటికి శుభ్రంగా ఉండాలి. చార దాటినవి గట్టిపడ్డట్టే.

పగడపుదిబ్బ
చార సగం వచ్చి ఆగినవి, అసలు రానివి కూడా కొన్ని ఉంటాయి. మేత, నీళ్ల లోపం వల్ల అలా జరుగుతుందని చాలామంది గమనించారు. డిస్‌ప్లేకి పెట్టేటప్పుడు వాటిని దాచెయ్యకండి, అవీ బతికే చేపలే.

నీటిపరీక్ష
చారలు వచ్చాక ట్యాంకు మార్చడానికి తొందరపడొద్దు. నెల దాటి, సన్నటి పొడి మేత తింటున్నాకే. అప్పటికి స్పాంజి ఫిల్టర్ పూర్తి గాలితో నడుస్తూ ఉండాలి. మార్చేటప్పుడు వల వద్దు, గ్లాసుతోనే.

ట్యాంక్‌వెనక
రాసుకున్నాను. ఆ జత ఈ మధ్యాహ్నం పలక మీదే గుడ్లు పెట్టింది. రెండో రోటిఫర్ బకెట్ ఇప్పుడే పక్క గదిలో మొదలుపెడుతున్నాం.